కారు పెయింటుపై టైరు మరకలు: వదిలించే పద్ధతి, పడకుండా చూసే మార్గం

కారు పెయింటు మీద టైరు రబ్బరు మరక పడే దారులు ముఖ్యంగా రెండు. మొదటిది రాపిడి. అపార్ట్‌మెంట్ సెల్లారులో పక్కనే నిలిపిన బైకును వెనక్కి లాగేటప్పుడు దాని చక్రం కారు తలుపుకు రాసుకోవడం, ఇరుకు సందులో ఎదురొచ్చిన ఆటో టైరు బంపరుకు తగలడం, హైవే మీద లారీ టైరు నుంచి ఊడిపడ్డ తొక్క కారు ముందు భాగాన్ని కొట్టడం ఈ కోవలోవి. రెండోది చిమ్మడం. టైర్లు నిగనిగలాడాలని పూసిన పాలిష్ ఆరకముందే బండి కదిలితే, తిరిగే చక్రం ఆ జిడ్డును, దానితో పాటు టైరు మీది నల్లదనాన్ని ఫెండరు మీదికి, తలుపు కింది భాగం మీదికి విసిరికొడుతుంది.

తెల్లకారు తలుపు మీద జానెడు నల్లచార కనిపించగానే పెయింటు లేచిపోయిందనే చాలామంది అనుకుంటారు. నిజానికి ఇలాంటి చారల్లో చాలావాటి కింద పెయింటు చెక్కుచెదరకుండా ఉంటుంది. అక్కడ అంటుకున్నది రబ్బరు మాత్రమే. ఓపికగా తుడిస్తే అది పోతుంది. దాన్ని వదిలించే తొందరలో గిన్నెలు తోమే పీచు, థిన్నర్ వంటివి వాడితే మాత్రం రబ్బరుతో పాటు పెయింటూ పోతుంది. అందుకే గుడ్డ చేతికి తీసుకునేముందు అంటుకున్నది ఏమిటో, దాని కింద ఏముందో తెలుసుకోవాలి.

టైరు ఎందుకు అంటుకుంటుంది?

టైరంటే వట్టి రబ్బరు కాదు. రబ్బరు చెట్ల పాల నుంచి తీసిన సహజ రబ్బరు, పెట్రోలియం నుంచి తయారయ్యే కృత్రిమ రబ్బరు కలిసి అందులో దాదాపు సగం ఉంటాయి. బరువులో సుమారు నాలుగో వంతు కార్బన్ బ్లాక్, సిలికా వంటి పొడులే. కార్బన్ బ్లాక్ చాలా మెత్తటి మసి లాంటి పొడి. టైరుకు బలాన్ని, అరుగుదలను తట్టుకునే శక్తిని, ఎండ నుంచి రక్షణను ఇచ్చేది అదే. నలుపు రంగూ దాని నుంచే వస్తుంది. ఆ పొడి కలపడం మొదలు కాకముందు టైర్లు లేత రంగులో ఉండేవి. ఇవి కాక గంధకం, జింక్ ఆక్సైడ్, మెత్తదనం కోసం నూనెలు, గాలిలోని ఓజోన్ వల్ల పగుళ్లు రాకుండా మైనాలు, కొన్ని రసాయనాలు కలుపుతారు.

రబ్బరును గంధకంతో కలిపి వేడి చేస్తే అది గట్టిపడి, ఎండకు కరగని, చలికి పెళుసెక్కని పదార్థంగా మారుతుందని అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నాడు. 1844లో దానికి పేటెంట్ పొందాడు. వల్కనైజేషన్ అనే ఈ ప్రక్రియలో రబ్బరు అణువుల పొడవాటి గొలుసులు గంధకం వంతెనలతో ఒకదానికొకటి ముడిపడతాయి. మరక వదిలించే పనిలో ఈ సంగతి చాలా అవసరం. ఇలా ముడిపడిన రబ్బరును కిరోసిన్, టర్పెంటైన్ వంటివి కరిగించలేవు. ఆ ద్రవాన్ని పీల్చుకుని రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పెయింటు మీద పట్టు సడలుతుంది. అంతే. అందువల్ల మందు రాసిన వెంటనే గట్టిగా రుద్దడం వల్ల లాభం లేదు. ఉబ్బడానికి అర నిమిషమైనా సమయం ఇవ్వాలి.

టైరు దేనికైనా గట్టిగా రాసుకున్నప్పుడు ఆ చోట వేడి పుడుతుంది. ఆ వేడికి, ఒత్తిడికి రబ్బరు పైపొరలోని గొలుసులు తెగిపోయి జిగురుగా మారతాయి. కాగితం మీద పెన్సిల్ గీత చెరిపేటప్పుడు ఉండలు ఉండలుగా రబ్బరు రాలినట్టే, టైరు కూడా తనలో కొంత భాగాన్ని ఎదుటి వస్తువుకు వదులుతుంది. సడన్ బ్రేకు వేసినప్పుడు రోడ్డు మీద పడే నల్లచారలు అలాంటివే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. అలాంటి పోటీల్లో కార్లు ఒకే దారిలో పదేపదే తిరగడంతో మలుపుల దగ్గర రోడ్డుకు నల్లటి పూత పడుతుంది, అంచుల్లో రబ్బరు తునకలు పేరుకుంటాయి. మామూలు కారు టైరుకూ ఈ అరుగుదల తప్పదు. కొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. అది 1.6 మిల్లీమీటర్లకు దిగితే టైరు మార్చాలి. మధ్యలో పోయిన రబ్బరంతా రోడ్డు మీద, దుమ్ములో, కొంత కార్ల ఒంటి మీద చేరినట్టే.

మరక పాతబడే కొద్దీ మొండిగా మారడానికీ కారణం ఉంది. టైరులోని నూనెలు, ఓజోన్‌ను అడ్డుకునే రసాయనాలు నెమ్మదిగా పైకి ఊరే స్వభావం కలవి. పాత టైరు పక్కభాగం గోధుమ రంగుకు తిరగడం ఇందువల్లే. పెయింటు మీద వారాల తరబడి రబ్బరు అంటుకుని ఉంటే ఈ పదార్థాలు పైపొరలోకి ఇంకి పసుపు, గోధుమ రంగు మచ్చను మిగులుస్తాయి. వేడి దీన్ని వేగవంతం చేస్తుంది. మే నెల ఎండలో విజయవాడలోనో రామగుండంలోనో ఆరుబయట నిలిపిన ముదురు రంగు కారు రేకు 70 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కగలదు. ఆ వేడిలో నాలుగు రోజులు మగ్గిన మరక, పడిన రోజే తుడిచిన మరకంత సులువుగా పోదు.

రేకు మీద ఎన్ని పొరలు?

కంపెనీ నుంచి వచ్చే కారు రేకు మీద సాధారణంగా నాలుగు పొరలు ఉంటాయి. అన్నింటికంటే అడుగున తుప్పు పట్టకుండా విద్యుత్ సాయంతో పట్టించే పూత, దాని మీద ప్రైమర్, ఆ పైన రంగునిచ్చే బేస్ కోట్, అన్నింటి మీద పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్. మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. మెరుపు దానిదే. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కింది రంగును కాపాడే బాధ్యతా దానిదే.

టైరు మరక పడేది ఈ క్లియర్ కోట్ మీద. కంపెనీలో ఓవెన్‌లో గట్టిపడిన క్లియర్ కోట్‌లోని అణువులు కూడా ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి, కిరోసిన్ జాతి ద్రవాలు ఒకటి రెండు నిమిషాలు తగిలినా దానికి నష్టం ఉండదు. కానీ అన్ని పెయింట్లూ ఇలాంటివి కావు. రోడ్డు పక్క షెడ్డులో చవకగా వేయించిన ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు ఆరినా అణువులు ముడిపడవు. థిన్నర్ తగిలిన క్షణంలో అది కరిగి గుడ్డకు అంటుకుంటుంది. పాత కార్లలో, ముఖ్యంగా తెలుపు, ఎరుపు వంటి సాదా రంగుల్లో, క్లియర్ కోట్ లేకుండా రంగునే పైపొరగా వేసినవీ ఉన్నాయి. సెకండ్‌హ్యాండ్ కారుకు ఏ భాగం కంపెనీ పెయింటో, ఏ భాగం తర్వాత వేయించినదో పైకి తెలియదు. అందుకే ఏ మందైనా ముందుగా అదే భాగం కింది అంచున, కంటికి కనిపించని చోట, తెల్లగుడ్డతో పరీక్షించాలి. గుడ్డకు కారు రంగు అంటితే ఆ మందు వాడకూడదు. ఇంధనం మూత లోపల పరీక్షించి బంపరు మీద వాడటం సరికాదు. ఆ రెండింటి మీదా ఉన్నది ఒకే పెయింటని నమ్మకం లేదు.

మరకా? గీతా?

తుడవడానికి ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే. రబ్బరు పైకి అంటుకుందా, పెయింటు లోపలికి తెగిందా? దీనికి మూడు పరీక్షలు చాలు.

మొదటిది చూపు. మొబైల్ టార్చిని పక్కవాటుగా పట్టుకుని దగ్గరగా చూస్తే, రబ్బరు మరక మెరుపు లేని నలుపులో, పెయింటు మట్టానికి కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. చార పొడవునా ఆవగింజలో పావు వంతు కూడా లేని రబ్బరు ఉండలు అక్కడక్కడా అతుక్కుని ఉంటాయి. వేలితో నెడితే వాటిలో కొన్ని దొర్లి రాలతాయి.

రెండోది గోరు. చారకు అడ్డంగా గోటిని తేలిగ్గా జరపాలి. గోరు మరక మీదికి ఎక్కి దిగితే అది అంటుకున్న రబ్బరు. గోరు గాడిలో దిగి పట్టేసినట్టుంటే పెయింటు తెగినట్టు.

మూడోది నీళ్లు. ఆ చోట నీళ్లు చల్లినప్పుడు గీత మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తే అది క్లియర్ కోట్‌లోనే ఉన్న పైపై గీత. నీళ్లు చల్లినా నల్లగానే ఉంటే రబ్బరు. తెల్లగానో బూడిద రంగులోనో కనిపిస్తే అక్కడ ప్రైమర్ బయటపడిందని అర్థం.

చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. టైరుకు ఇరుక్కున్న ఇసుక రేణువు సన్నటి గీత గీస్తే, దాని మీద రబ్బరు పరుచుకుంటుంది. రబ్బరు తీశాకే గీత అసలు లోతు తెలుస్తుంది కాబట్టి ఏ పరిస్థితిలోనైనా ముందు రబ్బరునే తీయాలి.

టైరు మరకగా పొరబడేవి మరికొన్ని ఉన్నాయి. కొత్తగా వేసిన రోడ్డు మీద వెళ్లినప్పుడు చక్రాల వెనక గుండ్రటి చుక్కలుగా పడేది తారు. టర్పెంటైన్ తగలగానే అది గోధుమ రంగులో కరిగి కారుతుంది. తుప్పు రంగులో, సూది మొనంత చుక్కలుగా ఉండేది బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి. దానికి ఐరన్ రిమూవర్ అనే ప్రత్యేక మందు ఉంది. అది తగిలితే చుక్కలు ఊదా రంగుకు తిరుగుతాయి. ఎదుటి బండి పెయింటు అంటితే ఆ బండి రంగే చారలో కనిపిస్తుంది.

తొలగించే క్రమం

పనికి నీడ కావాలి, రేకు చేతికి చల్లగా తగలాలి. వేడి రేకు మీద ఏ మందైనా పనిచేయకముందే ఆవిరైపోతుంది, పైగా మచ్చ మిగులుస్తుంది. మందుల ఆవిరి పీల్చకుండా గాలి ఆడే చోటు ఎంచుకోవాలి. తలుపులు మూసిన గ్యారేజీలో ఈ పని చేయకూడదు. చేతులకు గ్లవ్స్ ఉండాలి, దగ్గరలో నిప్పు ఉండకూడదు.

మొదటి మెట్టు కడగడం. మరక ఉన్న భాగం మీద ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్ము, ఇసుక జారిపోనివ్వాలి. తర్వాత కార్ షాంపూ కలిపిన నీళ్లతో మెత్తటి గుడ్డతో కడగాలి. ఈ మెట్టును దాటేస్తే ఆ తర్వాత రుద్దే ప్రతి రుద్దుకూ ఇసుక రేణువులే కొత్త గీతలు గీస్తాయి. పడిన రోజే చూసిన పలుచటి మరక, టైరు పాలిష్ చుక్కలు చాలావరకు ఇక్కడే పోతాయి.

రెండో మెట్టు మందు. పలుచటి పూత లాంటి మరకకు, పాలిష్ జిడ్డుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సమానంగా నీళ్లతో కలిపి వాడవచ్చు. మందంగా అంటిన రబ్బరుకు కార్ల కోసం అమ్మే తారు రిమూవర్ మేలు. అది దొరక్కపోతే పెయింట్ షాపుల్లో దొరికే మినరల్ టర్పెంటైన్ గానీ, కిరోసిన్ గానీ కొద్దిగా వాడవచ్చు. డబ్ల్యూడీ-40 వంటి స్ప్రేల్లో ఉండేదీ చాలావరకు ఇదే జాతి ద్రవం, దానికి తోడు నూనె.

మందును కారు మీద పోయకూడదు, గుడ్డ మీద వేసుకోవాలి. మైక్రోఫైబర్ గుడ్డను నాలుగు మడతలు పెడితే వాడుకోవడానికి ఎనిమిది శుభ్రమైన ముఖాలు దొరుకుతాయి. ఒక ముఖాన్ని మందుతో తడిపి, మరక మీద అర నిమిషం అద్ది ఉంచాలి. రబ్బరు ఉబ్బి మెత్తబడ్డాక చార వెంటే ఒకే దిశలో తేలిగ్గా తుడవాలి. గుడ్డ మీద నల్లటి జిడ్డు కనిపిస్తుంది. వెంటనే శుభ్రమైన ముఖానికి మార్చుకోవాలి. అదే నల్ల ముఖంతో మళ్లీ తుడిస్తే ఒక చోట తీసిన రబ్బరును ఇంకో చోట పూసినట్టవుతుంది. ఒత్తిడి వేళ్ల బరువు దాటనక్కర్లేదు. గుడ్డకు నలుపు అంటడం ఆగిపోతే మందు పని ముగిసినట్టే. ఆ భాగాన్ని మళ్లీ షాంపూతో కడిగి జిడ్డు పోగొట్టాలి. మందును ఒకటి రెండు నిమిషాలకు మించి పెయింటు మీద ఉంచకూడదు.

మూడో మెట్టు క్లే బార్. బంకమట్టిలా ఉండే ఈ ముద్దను కార్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో అమ్ముతారు. మందుకు లొంగని రబ్బరు ఉండలు, చేతికి గరుకుగా తగిలే రేణువులు దీనికి అంటుకుని వస్తాయి. దానితో పాటు ఇచ్చే స్ప్రే గానీ షాంపూ నీళ్లు గానీ బాగా చల్లి, ముద్దను బిళ్లలా నొక్కి, తడి మీదే మెల్లగా జరపాలి. పొడి పెయింటు మీద క్లే రుద్దితే గీతలు పడతాయి. ముద్ద కింద పడితే దాన్ని ఇక వాడకూడదు. అంటిన ఇసుక కడిగినా పోదు.

నాలుగో మెట్టు పాలిష్. రబ్బరు పోయినా నీడ లాంటి మచ్చో, సన్నటి గీతలో మిగిలితే మాత్రమే దీని అవసరం. ముందు నునుపైన పాలిష్‌తో మొదలుపెట్టి, చాలకపోతేనే రబ్బింగ్ కాంపౌండ్ దాకా వెళ్లాలి. శనగగింజంత పాలిష్‌ను మెత్తటి స్పాంజి మీద తీసుకుని, అరచేయంత మేర మాత్రమే, తేలిక ఒత్తిడితో రుద్ది, తుడిచి, టార్చి వెలుగులో చూసుకోవాలి. పాలిష్ అంటే క్లియర్ కోట్‌ను అరగదీయడమే. తేలికపాటి పాలిష్‌తో ఒకటి రెండు మైక్రాన్లు, గరుకు కాంపౌండ్‌తో అంతకంటే ఎక్కువ పోతుంది. పోయిన పొర తిరిగి రాదు. తలుపు అంచులు, బానెట్ మీది మడత గీతల దగ్గర పెయింటు పలుచగా ఉంటుంది కాబట్టి అక్కడ మెషీన్ పెట్టకపోవడమే మంచిది. క్లియర్ కోట్ లేని పాత పెయింటు అయితే గుడ్డకు కారు రంగు అంటుతుంది. అప్పుడు అతి తక్కువతో ఆపాలి.

ఐదో మెట్టు రక్షణ. మరకను తీసిన మందు, పాలిష్ అంతకుముందు ఉన్న మైనపు పూతను కూడా తీసేస్తాయి. ఆ చోట వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ మళ్లీ వేయకపోతే తర్వాతి మరక నేరుగా క్లియర్ కోట్‌నే పట్టుకుంటుంది.

వాడిన గుడ్డలను నలిపి మూల పడేయకూడదు, ఆరుబయట పరచి ఆరబెట్టాలి. మిగిలిన మందును కాలువలో పారబోయకూడదు.

వాడకూడనివి

ఇళ్లలో ముందుగా చేతికొచ్చే వాటిలో చాలావరకు పెయింటుకు చేటు చేసేవే. పీచు, స్టీల్ స్క్రబ్బర్, గిన్నెల సబ్బు పొడి క్లియర్ కోట్ మీద వందల గీతలు గీస్తాయి. మరక పోయిందనిపించినా ఎండలో ఆ చోటు మసకగా కనిపిస్తుంది. టూత్‌పేస్టులో ఉండేది పళ్లు రుద్దడానికి తయారైన గరుకు పొడి. అది కారు పెయింటుకు సరిపడే నునుపులో ఉందని భరోసా లేదు. గోడల మీది మరకలు తుడిచే తెల్లటి మెలమైన్ స్పాంజి మెత్తగా ఉన్నట్టే ఉంటుంది కానీ అది చాలా సన్నటి సాండ్‌పేపరులా పనిచేస్తుంది. మెరుపున్న పెయింటు మీద దానికి చోటు లేదు.

థిన్నర్, ఎసిటోన్, గోళ్ల రంగు తుడిచే ద్రవం కంపెనీ పెయింటును కూడా మెత్తబరచగలవు, తర్వాత వేయించిన పెయింటునైతే కరిగించగలవు. పెట్రోలు రబ్బరును వదిలించగలదు కానీ దాని ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. కారు తుడవడానికి పెట్రోలు వాడే అలవాటు పూర్తిగా మానుకోవాల్సిందే. బ్లేడు, ఇనుప గరిటె, నాణెం అంచుతో గీకడం రబ్బరు ముక్కకు బదులు పెయింటు ముక్కను ఊడగొడుతుంది.

ప్రత్యేక జాగ్రత్త కావాల్సిన చోట్లు

మ్యాట్ పెయింటును ఎప్పుడూ పాలిష్ చేయకూడదు, క్లే బార్ కూడా వద్దు. రుద్దిన చోట మెరుపు వచ్చి, ఆ మెరుపే శాశ్వత మచ్చగా మిగులుతుంది. మ్యాట్ షాంపూ, ఆ పెయింటుకు పనికొస్తుందని రాసి ఉన్న క్లీనరు మాత్రమే వాడాలి.

రంగు స్టిక్కర్ ర్యాప్‌ల మీద టర్పెంటైన్ వంటివి జిగురును కదిలిస్తాయి, అచ్చు రంగును చెరిపేస్తాయి. పెయింటు రక్షణ కోసం వేసే పారదర్శక పీపీఎఫ్ పొర మందం సాధారణంగా 150 నుంచి 200 మైక్రాన్లు. రబ్బరు రాపిడిని అది బాగానే తట్టుకుంటుంది, చిన్న గీతలు ఎండ వేడికి వాటంతట అవే పూడుకుంటాయి. కానీ టైరు నూనెలు దానిలోకీ ఇంకి పసుపు మచ్చ వదలగలవు కాబట్టి అక్కడ కూడా ఆలస్యం పనికిరాదు. అంచుల దగ్గర మందు లోపలికి దిగకుండా చూసుకోవాలి.

పెయింటు వేయని నల్లటి ప్లాస్టిక్ అంచుల మీద పాలిష్, కాంపౌండ్ పడితే తెల్లటి మరకలు గరుకులో ఇరుక్కుంటాయి. పక్కన పనిచేసేటప్పుడు వాటిని మాస్కింగ్ టేపుతో కప్పాలి. తలుపు తెరిచే చోట కింద పడే బూటు మరకలూ రబ్బరు మరకలే. అక్కడ షాంపూ, ఆ తర్వాత ఆల్కహాల్ నీళ్లు సాధారణంగా సరిపోతాయి.

కొత్తగా పెయింటు వేయించిన భాగం పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. సుమారు నెల రోజుల పాటు దాని మీద మందులు, వ్యాక్స్ వాడకుండా నీళ్లు, షాంపూతోనే సరిపెట్టాలి.

గీత లోతుగా ఉంటే

రబ్బరు పోయాక గోటికి తగలని గీతలు పాలిష్‌తో కలిసిపోతాయి. గోటికి తగిలి, రంగు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే బాడీ షాపులో చూపించడం మేలు. అక్కడ పెయింటు మందాన్ని కొలిచే మీటరుతో చూసి, ఎంత అరగదీయవచ్చో చెప్పగలరు. రంగు పోయి ప్రైమరో రేకో కనిపిస్తే పాలిష్ వల్ల ప్రయోజనం లేదు. అది ఇనుప రేకు అయితే కంపెనీ రంగు నంబరుకు సరిపోయే టచప్ పెన్‌తో వెంటనే కప్పాలి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో ఉప్పుగాలికి బయటపడ్డ రేకు త్వరగా తుప్పు పడుతుంది. బంపరు ప్లాస్టిక్ కాబట్టి దానికి తుప్పు బెడద లేదు, అందం కోసమే మరమ్మతు.

పెయింటు వేయించాలనుకుంటే రెండు సంగతులు చూసుకోవాలి. టైరు పాలిష్‌లలో ఉండే సిలికాన్ ఏ కొంచెం మిగిలినా కొత్త పెయింటు అక్కడ నిలవకుండా చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. అందుకే పెయింటరుకు ముందే చెప్పి ఆ భాగాన్ని డీగ్రీజర్‌తో శుభ్రం చేయించాలి. రెండోది బీమా. క్లెయిమ్ లేని ఏడాదికి ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ మొదటి ఏడాది 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. ఒక్క తలుపు గీత కోసం క్లెయిమ్ చేస్తే ఆ రాయితీ పోవచ్చు. మరమ్మతు ఖర్చు, పోయే రాయితీ రెండూ లెక్క వేసుకున్నాకే నిర్ణయించుకోవాలి.

పడకుండా చూడటం

రాపిడి మరకలకు మూలం చాలావరకు పార్కింగే. సెల్లారులో బైకులకు, కార్లకు మధ్య గీత గీసి వేర్వేరు వరుసలు కేటాయిస్తే సగం గొడవ తీరుతుంది. బైకును సైడ్ స్టాండు మీద నిలిపినప్పుడు అది ఎడమకు వాలుతుంది. ఎడమవైపు కారు ఉంటే హ్యాండిల్ రబ్బరు, ఫుట్‌రెస్టు రబ్బరు దాని తలుపు ఎత్తుకే వస్తాయి. ఆ వైపు మూరెడు చోటు వదలడం గానీ, సెంటర్ స్టాండు వేయడం గానీ అవసరం. స్తంభాలకు బిగించే నల్ల రబ్బరు గార్డులు సొట్టలను తప్పిస్తాయి కానీ తాకితే మరక మాత్రం వదులుతాయి. కాబట్టి గార్డు ఉందన్న ధీమాతో ఆనించి నిలపకూడదు.

దారిలో లారీలకు, బస్సులకు వెనక తగినంత దూరం పాటించాలి. ఎండాకాలంలో హైదరాబాద్–విజయవాడ హైవే మీదా, కోల్‌కతా–చెన్నై హైవే మీదా రీట్రెడ్ టైర్ల నుంచి ఊడిన తొక్కలు పడి ఉండటం తరచూ కనిపించేదే. వాటి వల్ల మరకకంటే పెద్ద నష్టమే జరగవచ్చు. దూరం ఉంటేనే వాటిని సమయానికి చూసి, వేగం తగ్గించి తప్పించుకోగలరు. సొంత కారుకు నాలుగు చక్రాలకూ మడ్ ఫ్లాపులు ఉంటే తలుపుల కింది భాగానికి చిమ్మే రబ్బరు, తారు, రాళ్లు చాలావరకు ఆగిపోతాయి. అందం కోసం ఫెండరును దాటి బయటకు వచ్చే వెడల్పు టైర్లు వేయిస్తే ఈ రక్షణ పోతుంది. చక్రం ఎగరేసేదంతా తలుపుల మీదికే వస్తుంది.

టైరు పాలిష్ విషయంలో జాగ్రత్త సులువే. స్ప్రే కొట్టే బదులు స్పాంజితో పలుచగా పూయాలి. పది, పదిహేను నిమిషాలు ఆగి, పొడి గుడ్డతో మిగులును తుడిచాకే బండి కదపాలి. నేలకు ఆనే గాడుల మీద పాలిష్ అసలు పూయకూడదు. అక్కడ పూస్తే చిమ్మడం ఒక్కటే కాదు, బ్రేకు పట్టు తప్పే ప్రమాదమూ ఉంది. నీళ్లలో కలిసే రకం పాలిష్‌లు, జిడ్డుగా మెరిసే సాల్వెంట్ రకాలకంటే తక్కువగా చిమ్ముతాయి. వాటర్ వాష్ షెడ్డులో ఈ మాట ముందే చెప్పి పూయించుకోవాలి.

చివరిది పూత. వ్యాక్స్ వేసిన పెయింటు మీద రబ్బరు గట్టిగా పట్టుకోలేదు, కడిగినప్పుడే చాలావరకు జారిపోతుంది. మన ఎండలకు వ్యాక్స్ ఎక్కువ కాలం నిలవదు కాబట్టి రెండు నెలలకొకసారైనా మళ్లీ వేయాలి. సిరామిక్ కోటింగ్ అంతకంటే చాలా ఎక్కువ కాలం ఉంటుంది, మరకను తేలిగ్గా వదిలేలా చేస్తుంది. అయితే అది గీతలు పడకుండా కాపాడుతుందన్న ప్రచారాన్ని నమ్మకూడదు. దాని మందం చాలా తక్కువ. నిజంగా రాపిడిని ఆపాలంటే ఎక్కువగా దెబ్బతినే బంపరు మూలలకు, చక్రాల వెనక భాగాలకు పీపీఎఫ్ వేయించడమే దారి. కారంతా వేయించాల్సిన పని లేదు.

టైరు మరక కారుకు వచ్చే కష్టాల్లో చిన్నది. వారంలోగా, నీడలో, నీళ్లతో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కితే చాలా మరకలు రెండో మెట్టు దగ్గరే పోతాయి. నేరుగా చివరి మెట్టుతో మొదలుపెట్టిన వాళ్లే బాడీ షాపు మెట్లు ఎక్కాల్సి వస్తుంది. తక్కువ శక్తి ఉన్న మందు, తక్కువ ఒత్తిడి, ఎక్కువ ఓపిక: క్లియర్ కోట్‌ను కాపాడేవి ఈ మూడే.